పిలువని పోరునకు వచ్చిన సేనాని: పలనాటి బాలచంద్రుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కృష్ణ నీటితో బ్రతుకుచున్న మన డెల్టావారికి కృష్ణ యనగా కాలువయే. 1855లో బెజవాడకడ ఆనకట్ట ముగిసిన నాటినుండి ఈ నేల వరిచేలకు అలవాటుపడినది. అదే కృష్ణకు ఎగువను, నది కొండలనడుమ ఇరుకుదారిని ఒరసికొనుచు దిగుచోట, దక్షిణపు గట్టున పలనాడు కలదు. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు విడుచువరకును అది జొన్నకూటి సీమ. శ్రీనాథ మహాకవి ఆ సీమను, అచ్చటి రాళ్లను, అచ్చటి జొన్నకూటిని ఎగతాళి చేయుచు చాటువులు చెప్పెనని ప్రతీతి. ఆ మహాకవియే మాచెర్ల చెన్నకేశవుని పేర అచ్చటి వీరుల కథను ద్విపదగా రచించెనని కూడ ప్రతీతి. కూడు రుచింపకపోయినను కథ రుచించినది కాబోలు.

ఆ కథ చాలకాలము తాటాకులలో కంటె నాలుకలమీదనే ఎక్కువగా నిలిచినది. ఓరుగంటి వీధులను వర్ణించు క్రీడాభిరామమునందే పలనాటి వీరుల కథను పాడుట కనబడును. అనగా కాకతీయుల రాజధానిలో సైతము జనము గుమిగూడి విన్న పాట యది. పలనాట దానిని తరతరములుగా కాపాడినవారు మాలకులమునకు చెందిన వీరవిద్యావంతులు. అక్కిరాజు ఉమాకాంతముగారు ఆ ద్విపదను పరిష్కరించి 1911లో అచ్చువేయించిరి. బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసినదియు ఆ 1911లోనే. పుస్తకమును, పుస్తకపు ఇల్లును ఒక్క ఏటనే పుట్టుట ఇట్టి సభలో ఒకమారు తలచుకొనదగిన సంగతి.

ఇక కథలోనికి పోవుదము. పలనాటి యుద్ధమును మన పెద్దలు ఆంధ్రభారతమందురు. అన్నదమ్ములు రెండు పక్షములై పోరుట, పందెమున ఓడి ఊరువిడుచుట, రాయబారము, ఊరివెలుపల రణరంగము – అన్నియు పోలికయే. దాయాదుల పోరును నేటి చరిత్రకారులు అంతర్యుద్ధమని చెప్పుచున్నారు. సాధారణముగా 1182వ సంవత్సరము ప్రాంతమున జరిగినట్లు లెక్కించుదురు.

హైహయ వంశీయుడగు అనుగురాజు వెలనాటి చోళుల ఆడుబిడ్డ మైలమను పెండ్లియాడి, పలనాటిని అరణముగా పొందెను. అనగా పోరునకు కారణమైన నేల మొదట కట్నపు నేల. భార్యలు ముగ్గురు, వారి సంతానము పెక్కుమంది. పెద్దవాడు నలగామరాజు గురజాలనుండి ఏలెను. సవతితమ్ముడు మలిదేవరాజు మాచెర్ల నేలెను. మలిదేవుని పక్షమున నిలిచినవాడు శీలము బ్రహ్మనాయుడు. నలగాముని పక్షమున మంత్రాంగము నడిపినది నాయకురాలు నాగమ్మ. ఒకరు వైష్ణవులు, మరొకరు శైవులు. మతముచేత పోరు పుట్టెనని కొందరందురు గాని, కథ చదివినవారికి నేల పంపకమును, మంత్రిపదవియు అంతకంటె పెద్ద కారణములుగా కనబడును. నాగమ్మను దుష్టురాలిని చేసి చెప్పుట మన నాటకములవారికిని సినిమావారికిని సులభమైనది. పన్నెండవ శతాబ్దమున ఒక స్త్రీ మంత్రియై, సేనలను నడిపి, ఎదిరిపక్షపు పెద్దను ఏడేండ్లు అడవులపాలు చేసినదనిన, ఆమె బుద్ధిబలమును కాదనలేము.

కోడిపందెములో బ్రహ్మనాయుని పక్షమువారు ఓడిరి. పందెపు మాట ప్రకారము ఏడేండ్లు సీమ విడిచిపోయిరి. గడువు తీరినపిమ్మట మా మాచెర్ల మాకిమ్మని అలరాజును రాయబారిగా పంపిరి. అలరాజు పరాయివాడు కాడు. నలగామరాజునకు స్వయముగా అల్లుడు, పేరిందేవికి మగడు. అల్లుని పంపిన మామ మనసు మెత్తబడునని తలచి యుందురు. మామ ఒప్పుకొనలేదు. తిరుగు దారిలో చర్లగుడిపాడుకడ అలరాజునకు విషము పెట్టి చంపించిరని కథ. పేరిందేవి అగ్నిప్రవేశము చేసెను. ఈ కుట్రలో నలగాముని తమ్ముడు నరసింగరాజు చేయి యున్నదని మలిదేవుని పక్షమువారు తలచిరి. మాచెర్ల రెండు పక్షములకును లెక్క తేలగల నేల. అలరాజు ప్రాణము మాత్రము ఆ లెక్కలోనికి రాదు. ఇటుపై కథ యంతయు దానిమీదనే నడచును.

బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు. తల్లి ఐతాంబకు చాలకాలము సంతానము లేక నోములు నోచిన పిమ్మట కలిగినవాడు. శిశువు జాతకము చూచిన జోస్యులు వీడు వంశమునకు చేటు తెచ్చునని చెప్పగా, తండ్రియే వానిని చంపుడని ఆజ్ఞయిచ్చెననియు, ఆ పనికి పోయినవారికి చేతులాడక బిడ్డను దాచి పెంచిరనియు కథలో చెప్పుదురు. సర్వజనసమానత్వము చాటిన బ్రహ్మనాయుడు కన్నకొడుకు విషయమున పంచాంగమునకు లోబడెనా యని మనకు కష్టముగా నుండును. ఆ జోస్యము తండ్రి మనసులోనుండి ఎన్నడును పోయినట్లు లేదు. సేనలు కారెమపూడికి కదలినప్పుడు బాలచంద్రుని మేడపిలో తల్లికడ విడిచిపోయిరి. యుద్ధము మాటయే వానికి తెలియనీయలేదు.

పద్యకావ్యములలో వీరులు సింహమును చంపి కీర్తి గడింతురు. మన బాలచంద్రుడు బొంగరమాడుచు కథలోనికి వచ్చును. వీధిలో బొంగరము విసరగా అది గురితప్పి ఒక వైశ్యస్త్రీ కాలికి తగిలి రక్తము కారెను. ఆమె నొప్పితో తిట్టెను. తిట్టుచు, నీ తండ్రియు నీ వారును కారెమపూడి కయ్యమున ప్రాణములకు తెగించి యుండగా నీ విచ్చట బొంగరము త్రిప్పుచున్నావా యని దెప్పినది. బాలచంద్రుడు కోపించుటకు మారుగా అదరిపడెను. కయ్యమనగా ఏ కయ్యము? ఊరివారందరికిని తెలిసిన సంగతి తనకొక్కనికే తెలియకపోవుట యెట్లు? ఊరిలోని పెద్దలందరును కలిసి ఒక పిల్లవానినుండి దాచిన నిజము గాయపడిన ఒక ఆడుదాని నోట బయటపడినది. కవి యెవరైనను, పల్లె యెరిగినవాడు వ్రాసిన ఘట్టమిది. మన యూళ్లలోను పెద్ద సంగతులు ఇట్లే కదా పొక్కును!

వాడు తిన్నగా తల్లికడకు పోయి అడిగెను. ఐతాంబ దాచలేకపోయినది. పోవలదని వేడుకొనెను, భయపెట్టెను, కడకు ఒక ఉపాయము పన్నెను. బాలచంద్రుడు పెండ్లియైనను భార్య మాంచాల ముఖమెరుగడు. శ్యామాంగి యను వేశ్యయింట కాలము గడుపుచుండెను. పోరునకు పోవుముందు భార్యను చూచిపొమ్మని తల్లి పంపెను. ఎన్నడును చూడని అందమైన యిల్లాలిని చూచినచో కొడుకు కాలు కదలదని ఆమె యాశ. ఆ తల్లి తెలివికి చేతులు జోడింపవలసినదే. కాని మాంచాల అత్తగారి లెక్కకు లొంగలేదు. ఎన్నేండ్లో ఎదురుచూచిన మగడు ఒక్కరేయి గడపదాటి రాగా, అతడెందుకు వచ్చెనో ఎందుకు పోవలెనో గ్రహించి, తన చేతులతో ఖడ్గమిచ్చి పంపెను. ఈ ఘట్టము వినునప్పుడు ఆడువారు కన్నీరు పెట్టుకొందురు. మగవారు మీసము దువ్వుకొందురు. ఆడువారిదే సరియైన వినికిడి యనిపించును.

బాలచంద్రునితో బయలుదేరిన చెలికాండ్రను కూడ చెప్పుకొనవలెను. వారిని తమ్ములనియే కథ పేర్కొనును. వారిలో బ్రాహ్మణుడగు అనపోతు కలడు. తక్కినవారు కుమ్మరి, చాకలి, మంగలి, కంసాలి మొదలగు వృత్తికులముల పిల్లలు. ఒక్కరికిని ఏ రాజునుండియు పిలుపు లేదు, జీతము లేదు. అన్న పోవుచున్నాడు గనుక తామును పోవుచున్నారు. దారిలో బాలచంద్రునకు ఒక దిగులు పట్టినది. తాము పోవునది చావునకు. ఆ చావులో బ్రాహ్మణుని చావు తనకు పాపమై చుట్టుకొనును. అందుచే తన హారము మరచివచ్చితినని అబద్ధమాడి, తెచ్చిపెట్టుమని అనపోతును వెనుకకు పంపెను. అనపోతు పరుగున పోయి హారముతో తిరిగివచ్చుసరికి తోడివారు లేరు. మోసము తెలిసినది. తన్ను బ్రదికించుటకే ఆ మోసము చేసిరని కూడ తెలిసినది. అయినను, చాకలికిని మంగలికిని తగిన చావు తనకు తగకపోయెనా యని ఆ యువకుడు కత్తితో తన ప్రాణము తానే తీసికొనెను. కారెమపూడి పోరులో మొదటి వీరుడు రణరంగము చేరకమునుపే, శత్రువు కంటబడకమునుపే, ఒక దయగల అబద్ధముచేత చచ్చెను. కథ యంతటిలోను గుండె పిండునది ఇదియే.

కారెమపూడిలో నాగులేటి యొడ్డున మలిదేవుని సేన విడిసి యుండెను. ఆ సేనకు నాయకుడు కన్నమదాసు. మాలకులమున పుట్టినవాడు, బ్రహ్మనాయుడు కొడుకుగా చేకొని, దండు నంతను అతని చేత పెట్టెను. ఊరివెలుపలి వాడవాని ఆజ్ఞకు వెలమ దొరలును తలవంచి నడచిరని ఆలోచింపుడు. అది ఎనిమిదివందల యేండ్లనాటి మాట. ఇచ్చట ఇద్దరు నాయకులను ప్రక్కప్రక్కన నిలిపి చూడవచ్చును. కన్నమదాసు నియమింపబడిన సేనాని. అతనికి ఒక దండు, ఒక బాధ్యత, ఒక యేలిక కలవు. తన మాటవలన ఎందరు చత్తురో లెక్క తెలిసినవాడు. బాలచంద్రుడు తనంత తాను వచ్చిన సేనాని. వానికి ఒక కోపమును, ప్రాణమిచ్చు కొందరు చెలికాండ్రును తప్ప మరేమియు లేవు.

అందరును కలిసి చాపకూడు కుడిచిరి. చాపలు పరచి, అన్నము కుప్పవోసి, కులమెంచక ఒక్క బంతిని కూర్చుండి భుజించుటయే చాపకూడు. బ్రహ్మనాయుని పేరు చెప్పిన నేటికిని జనులకు మొదట తలపునకు వచ్చునది ఈ కూడే, గెలుపోటములు తరువాతివి.

ఆ సమయముననే ఎదిరిపక్షమునుండి సంధిమాటలు వచ్చియుండెను. ఇది చాలమంది మరచిపోవు సంగతి. నాటకములో కత్తులు కణకణలాడవలెను గనుక సంధి ముచ్చట రెండు నిమిషములలో ముగించుదురు. బ్రహ్మనాయుడు సంధికి ఒప్పుకొనెను. ఏడేండ్లు అడవులలో తిరిగినవాడు, పోరు ఫలమెట్లుండునో ఎరిగినవాడు, ఇరుప్రక్కల నిలిచినది తన చేతులమీద పెరిగినవారే యని తెలిసినవాడు. పెద్దలు తలలూపిరి. అప్పుడు బాలచంద్రుడు సభలోనికి వచ్చి కాదనెను. ఈ సంధిలో అలరాజు ప్రాణమునకు బదులేదని అడిగెను. పేరిందేవి చితి ఆరకమునుపే చేతులు కలుపుటయా యని అడిగెను. సభలోని వీరులకు ఆ మాట తగలవలసినచోట తగిలినది. సంధి చెడినది.

అభిమన్యునితో బాలచంద్రుని పోల్చుట పరిపాటి. ఇద్దరును పసివారు, ఇద్దరును పెద్దల పోరులో కూలిరి. కాని అభిమన్యుని పద్మవ్యూహములోనికి పంపినవాడు ధర్మరాజు. అచ్చట తప్పో ఒప్పో పెద్దలది. బాలచంద్రుని ఎవ్వరును పంపలేదు. పైపెచ్చు రాకుండ దాచిరి, ఆపిరి, వచ్చినపిమ్మట వాని మాటకు తామే తలవంచిరి. ఆ సభలో వాని ప్రశ్నకు బదులు చెప్పగలవాడు ఒక్కడును లేకపోయెను. బ్రహ్మనాయుని సంధి వివేకమైనదే. బాలచంద్రుని ప్రశ్నయు న్యాయమైనదే. చచ్చిన అల్లుని మాట ఎత్తకుండ నేల పంచుకొనుటకు కూర్చుండుటలోనే ఆ సంధికి బీట ఉండెను. హంతకుని విచారించెదమని ఒక్క షరతు పెద్దలే ముందుగా పెట్టియుండినచో ఆ బాలుని నోటికి పని యుండెడిది కాదు. అట్లని వాని తప్పు లేదనుట కాదు. సంధి కాదన్న నాలుక ఒక్కటి; దాని వెల చెల్లించిన తలలు వేలు. మేడపిలోనే మిగిలియుండినచో వాడు పేరులేని పడుచువాడుగా ముసలివాడై చచ్చెడివాడు, పలనాట ఎందరో తల్లులు కడుపుకోత లేక బ్రదికెడివారు. పాట పాడువారు ఈ రెండవ సంగతి చెప్పరు. పాట ధర్మము వేరు.

పోరు సాగినది. బాలచంద్రుడు నరసింగరాజు తల తెచ్చెదనని పంతము పట్టి దండులోనికి చొచ్చెను, పంతము చెల్లించుకొనెను. అలరాజు ఋణము తీరినది. ఆ వెంట వానికిని ఆయువు తీరినది. వెంటవచ్చిన తమ్ములు ఒక్కొక్కరుగా కూలిరి. మాంచాల చితిపై చేరెను. ఇంతకుమించి కొట్లాట వర్ణనము పుస్తకమునందే చదువుకొనదగును. మన బీరువాలో లేకపోయినచో తెప్పింపుడని కార్యదర్శిగారికి మనవి చేయవచ్చును.

కడకు మిగిలినదేమి? బ్రహ్మనాయుడు నిలిచెను, నాగమ్మ నిలిచెను, నలగామరాజు నిలిచెను. అనగా పోరు తెచ్చుకొన్న పెద్దలు ముగ్గురును బ్రదికిరి. పిన్నలు అందరును పోయిరి. బ్రహ్మనాయుడు నాగమ్మను చంపక విడిచెను. ఎవనిమీద కత్తి దూసెనో ఆ నలగామరాజుకే రాజ్యమప్పగించి, గుత్తికొండ బిలములోనికి పోయి మరల రాలేదని చెప్పుదురు. ఆ రాజ్యము అప్పగింత బాలచంద్రుడు రాకమునుపే జరిగియుండరాదా యని ప్రశ్న. దానికి శ్రీనాథుని ద్విపదలో బదులు వెదకి ప్రయోజనము లేదు.

ఆ పోరు పలనాటి గట్లలోపలనే ఆగలేదు. అల్లునికి నేల అరణమిచ్చిన వెలనాటి చోళుల బలము దీనితో సన్నగిల్లినదనియు, కాకతీయుల రాకకు బాట పడినదనియు చరిత్రకారుల అభిప్రాయము. పదమూడవ శతాబ్దపు తొలినాళ్లలో కాకతి గణపతిదేవుడు బెజవాడను దాటి దివిసీమవరకు వచ్చెను. కనుక నాగులేటియొడ్డున జరిగిన దాయాదుల కయ్యమునకు మన దివివారును కొంత పన్ను చెల్లించినవారే.

కారెమపూడి నేడు పలనాడు జిల్లాలోనిది. 2022లో నరసరావుపేట కేంద్రముగా ఆ జిల్లా ఏర్పడినది. అచ్చట వీరుల గుడి కలదు. అరువదియారుగురు వీరనాయకులను అచ్చట కొలుతురు. ఏటేట కార్తిక అమావాస్యనాడు మొదలై ఐదు దినములు వీరారాధన జరుగును. వీరాచారమువారు తమ ఇండ్లలో తరతరములుగా పూజించుకొను ఆయుధములను పలు ఊళ్లనుండి తెచ్చి నాగులేటి మడుగులో కడిగి గుడికి చేర్తురు. మొదటినాడు రాచగావు. రెండవనాడు రాయబారము, అలరాజు కథ ఆనాడు వినిపింతురు. మూడవనాడు మందపోరు; చాపకూడు ఆనాడే. నాలుగవనాడు కోడిపోరు. ఐదవనాడు కల్లిపాడు, వీరులందరును కూలిన దినము.

పండుగలో ఒక వింత కలదు. కథలో కోడిపందెము ముందు, రాయబారము తరువాత. ఉత్సవములో రాయబారము ముందు, కోడిపోరు తరువాత. ఎందుకట్లు అమర్చిరో చూడగోరువారు బెజవాడనుండి ఉదయము బస్సెక్కినచో సాయంకాలమునకు నాగులేటి యొడ్డున నుండవచ్చును. మూడవనాటికి చేరినచో చాపకూటి బంతిలో చోటు దొరకును. అచ్చట ఎవరి కులమును అడుగరు.